గెడ్డ ఒడ్డున పదకొండు కుక్కలు

కొత్త జిల్లాలు ఏర్పడిన ఏడాది ఆగస్టులో, అనంతగిరి దాటాక అరకు వైపు ఉన్న ఒక సంత ఊరి పశువైద్యశాలకు నన్ను బదిలీ చేశారు. ఊరి పేరు రాయను. ఇందులో తప్పు నాది, ఊరిది కాదు. నా హోదా వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్, అంటే మండలంలో పశువుల డాక్టరు. పదోన్నతి తీసుకుంటే మైదానంలో ఆఫీసు కుర్చీలో కూర్చోవాలని దాన్ని రెండుసార్లు వదులుకున్నాను. కానీ ఆఫీసు పని రానిదాన్ని మాత్రం కాదు. నా రిజిస్టర్లకు తనిఖీకి వచ్చిన ఏ అధికారీ పేరు పెట్టలేదు. ఆ సంగతి నలుగురికీ చెప్పుకొనేదాన్ని కూడా.

ఆసుపత్రిలో నాతోపాటు ఉన్నది అటెండర్ అప్పన్న ఒక్కడే. యాభై దాటిన మనిషి, అక్కడే పుట్టి పెరిగినవాడు. తెలుగుతోపాటు కొండల్లో మాట్లాడే ఒడియా కూడా వచ్చు. ఆసుపత్రి వెనక పాత పశువుల కొట్టం ఒకటి ఉండేది. నేను వెళ్లేసరికి దాన్ని ఇనుప జాలీతో పన్నెండు గదులుగా విడదీసి, గోడమీద 'కుక్కల తాత్కాలిక సంరక్షణ కేంద్రం' అని రాయించారు. ఊళ్లోవాళ్లు దాన్ని కుక్కల జైలు అనేవారు.

దాని అవసరం లేకపోలేదు. అరకు చూడటానికి వచ్చేవాళ్లు పెరిగారు. రోడ్డు పక్కన బొంగు చికెన్ కొట్లు పెరిగాయి. ఎముకల కోసం కుక్కలు పెరిగాయి. ఆ వర్షాకాలంలో ఇద్దరు పర్యాటకుల్ని కుక్కలు కరిచాయి. వర్తకులు అర్జీ పెట్టారు. డివిజన్‌లో మాకు పై అధికారి అయిన అసిస్టెంట్ డైరెక్టర్‌గారు, మేమంతా ఏడీగారు అంటాం, అక్టోబరులో శిబిరం పెట్టి వీధికుక్కలను పట్టి పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేయాలని, రేబిస్ టీకా వేయాలని ఉత్తర్వు పంపారు.

ఈ పని పద్ధతి తెలియనివారి కోసం నాలుగు మాటలు. పట్టిన కుక్కకు ముందు ఒక నంబరు ఇచ్చి రిజిస్టరులో ఎక్కిస్తాం. ఎక్కడ పట్టాం, ఆడదా మగదా, రంగు, యజమాని ఎవరు అన్నవి అందులో గడులు. యజమాని లేని కుక్కయితే నేరుగా శస్త్రచికిత్స చేస్తాం. మత్తులో ఉండగానే ఎడమ చెవి కొసన చిన్న గాటు పెడతాం, మళ్లీ పట్టకుండా అది గుర్తు. మూడు నాలుగు రోజులాగి ఎక్కడ పట్టామో అక్కడే వదలాలి. యజమాని ఉన్న కుక్కయితే అతని సంతకం లేకుండా కత్తి పెట్టకూడదు. చూలు కుక్కను, పాలిచ్చే కుక్కను అసలు ముట్టుకోకూడదు.

పట్టే పనికి మైదానం నుంచి నలుగురి జట్టు వచ్చింది. గురువారం సంతరోజు, ఉదయం పదింటికి మొదలుపెట్టాం. బజారు కుక్కలు గడుసువి, వల చూడగానే సందుల్లోకి జారుకున్నాయి. గంటసేపు తిరిగినా ఒక్కటీ చిక్కలేదు. అప్పుడు జట్టులో ఒకాయన వచ్చి, ఊరి చివర గెడ్డ దగ్గర చాలా కుక్కలున్నాయని, పారిపోకుండా కూర్చున్నాయని చెప్పాడు. గెడ్డ అంటే కొండవాగు. దాన్ని దాటితే కొండమీది గూడేలకు పోయే కాలిబాట.

వెళ్లి చూశాను. వాగు ఒడ్డున పదకొండు కుక్కలు దూరందూరంగా కూర్చుని ఉన్నాయి. ఒక్కదాని మెడకూ పట్టీ లేదు. ఒక్కొక్కదాని పక్కన ఏదో ఒకటి పడి ఉంది. ఒకచోట చేతికర్ర, ఒకచోట చిరిగిన తువ్వాలు, ఒకచోట ఆకులతో అల్లిన గొడుగు. అవన్నీ నేను కళ్లారా చూశాను. వాగు కొట్టుకొచ్చిన చెత్త అనుకున్నాను. వల వేస్తుంటే అవి ఎందుకు పరుగెత్తలేదో ఆలోచించకుండా, పని సులువైందని సంతోషించాను.

పది కుక్కలు గొడవ లేకుండా దొరికాయి. పదకొండోది నల్లటి ఆడకుక్క. దాని ముందు వెదురుకర్ర ఒకటి ఉంది. జట్టులో ఒకాయన వల పరచడానికి అడ్డుగా ఉందని ఆ కర్రను పక్కకు లాగాడు. కుక్క ఎగిరి అతని ముంజేతిని పట్టుకుంది. నాలుగు పళ్లు దిగాయి. పావుగంటసేపు సబ్బునీళ్లతో గాయం కడిగించి, టీకా కోసం ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపాను.

మధ్యాహ్నానికి అన్నిటినీ గదుల్లో పెట్టి, గది నంబరు వరుసలో రిజిస్టరు రాయడానికి కూర్చున్నాను. అప్పన్న జాలీ దగ్గర నిలబడి చూసి, "ఇయ్యి పైవోళ్ల కుక్కల్లాగున్నాయమ్మా" అన్నాడు. పైవోళ్లంటే కొండమీది గూడేలవాళ్లు. మెడపట్టీ ఉందా, గొలుసు ఉందా అని అడిగాను. లేదన్నాడు. మరింకేం అన్నాను. యజమాని గడిలో మొదటి వరుసలో 'లేరు' అని రాసి, కింద పదింటికీ 'సదరు' అని గీత గీశాను. సాయంత్రం ఏడీగారికి సందేశం కూడా పంపాను: యజమాని లేని కుక్కలు పదకొండు, కరిచినది ఒకటి.

కరిచిన కుక్క విషయంలో పద్ధతి వేరు. దానికి రేబిస్ ఉండి, కరిచినప్పుడు లాలాజలంలో ఆ వైరస్ ఉంటే, పది రోజుల్లోపల జబ్బు బయటపడి చచ్చిపోతుంది. పది రోజులూ బతికి ఆరోగ్యంగా ఉంటే కరిపించుకున్న మనిషికి ఆ కాటువల్ల భయం లేదు. అందుకని టీకా కూడా వేయకుండా విడిగా ఉంచి గమనిస్తాం. యజమాని ఉంటే అతని ఇంటి దగ్గర కట్టి ఉంచనిచ్చి, మధ్యలో మేం వెళ్లి చూడవచ్చు. యజమాని లేకపోతే షెల్టరులోనే పది రోజులు. ఏడో నంబరు గదిలోని ఆ నల్లకుక్కకు నా రిజిస్టరు ప్రకారం యజమాని లేడు.

మర్నాడు పొద్దున్న ఆరు కుక్కలకు శస్త్రచికిత్స చేశాను. చేతులు కడుక్కుని వస్తూ ఏడో గదిలోకి చూస్తే కుక్క పొదుగు బిగిసి పాలు కారుతున్నాయి. కూనలు ఊళ్లోనే ఎక్కడో ఉంటాయని అప్పన్నను పంపాను. కల్వర్టుల కింద, కొట్ల వెనక అంతా వెతికి వట్టి చేతులతో వచ్చాడు. ఊరికుక్క అయితే కూనలు ఊళ్లో ఉండాలి కదా అన్న అనుమానం నాకు అప్పుడే వచ్చింది. రాలేదని అబద్ధం చెప్పను.

మధ్యాహ్నం రెండింటికి ఒకామె గేటు దగ్గర నిలబడింది. యాభై ఏళ్లుంటాయి. నెత్తిన బుట్ట, చేతిలో నిన్న గెడ్డ దగ్గర పక్కకు లాగేసిన వెదురుకర్ర. బుట్టలో ఇరవై రోజుల కూనలు మూడు ఉన్నాయి. నాలుగోదాన్ని కొంగులో మూట కట్టుకుని తెచ్చింది. అది చచ్చిపోయింది.

"డాట్రమ్మా, ఆ నల్లది నాదమ్మా. ఇయ్యి దాని పిల్లలు. ఒకటి దారిలో పోనాది. బేగి తలుపు తియ్యండమ్మా, పాలు తాగుతాయి" అంది.

కూనల్ని తల్లి దగ్గరికి పంపాను. అవి జాలీ లోపలికి వెళ్లగానే కుక్క చేసిన శబ్దం మూలుగో ఏడుపో చెప్పలేను. ఆమె పేరు బుద్రి. భర్త లేడు. ఇల్లు మూడు గంటల నడక దూరంలో, రెండు కొండల అవతల. కుక్క పేరు సుక్రి. అక్కడ పుట్టిన వారం పేరు మనిషికి పెడతారు, బుధవారం పుట్టింది కనుక ఆమె బుద్రి. శుక్రవారం పుట్టిన కుక్కకూ అదే పద్ధతిలో పేరు పెట్టింది.

సంతకు దిగేవాళ్లు కుక్కల్ని గెడ్డ దగ్గర ఎందుకు ఆపుతారో ఆమె చెబితేనే తెలిసింది. బజారులోకి వస్తే ఎండుచేపల కొట్లవాళ్లు రాళ్లతో కొడతారు. అందుకని తమ వస్తువు ఒకటి వాటి ముందు పెట్టి, కాయమని చెప్పి వస్తారు. మనిషి తిరిగొచ్చి వస్తువు చేతిలోకి తీసుకుంటే కుక్క లేస్తుంది. అంతదాకా లేవదు. మా వలలకు అంత సులువుగా ఎందుకు చిక్కాయో అప్పుడు అర్థమైంది. మిగతావాళ్లు సర్కారు గేటుదాకా రావడానికి భయపడ్డారట.

మనిషిని కరిచింది కనుక పది రోజులు ఇక్కడే ఉంచాలని చెప్పాను.

"కరవలేదమ్మా, కర్ర కాసింది. కాయమని నానే సెప్పినాను. సెప్పిన పనే సేసింది. పది రోజులంటే ఎలాగమ్మా? సోడి సేను పండిపోనాది. ఇంకో పది రోజుల్లో కోత. పందులు దిగుతన్నాయి. మంచె మీద నాను అరిస్తే పంది కదల్దు, ఇది ఎనకాల పడితేనే ఎల్తాది. సేను పోతే ఏటి తింతాను?"

మైదానంలో రాగులనేవే అక్కడ చోళ్లు. ఆమెకు ఏడాది తిండి అవే. అడవిపంది ఒక్క రాత్రి దిగితే తిన్నదానికన్నా తొక్కింది ఎక్కువ. ఇదంతా నాకు తెలియనిది కాదు.

ఆమె అడిగింది ఇవ్వడానికి నాకు అధికారం ఉంది. రిజిస్టరులో ఏడో వరుసలో 'సదరు' కొట్టేసి, ఆమె పేరు రాసి, కుక్కను ఇంటి దగ్గర కట్టి ఉంచుతానని వేలిముద్ర వేయించుకుంటే చాలు. రెండు నిమిషాల పని. నేను చేయలేదు. ఎందుకంటే ఆ ఒక్క గడి మారితే మిగిలిన పదీ మారాలి. గెడ్డ దగ్గర కూర్చున్నవన్నీ ఒకరి కుక్కలే అయితే, ఆరింటికి యజమాని సంతకం లేకుండా నేను కత్తి పెట్టినట్టు. అప్పటికే నివేదిక పైకి వెళ్లిపోయింది. నీ కుక్కేనని రుజువేమిటని ఆమెనే అడిగాను. ఆమె కర్ర చూపించింది. కర్ర రుజువు కాదన్నాను. రుజువు అక్కడే, జాలీ వెనక, ఆమెను చూసి తోక ఊపుతూ నిలబడి ఉంది.

శనివారం మిగిలిన నాలుగింటికీ శస్త్రచికిత్స చేశాను. ఈ వాక్యం రాయడానికి నాకు చాలాసేపు పట్టింది.

బుద్రి వెళ్లలేదు. సుక్రి మేం పెట్టిన అన్నం ముట్టలేదు. ఆమె జాలీ పక్కన కూర్చుంటే తిన్నది, లేచి వెళ్తే మానేసింది. తిండి మానేస్తే పాలు ఎండిపోతాయి, కూనలు చస్తాయి. పైగా మామీద ఆమెకు నమ్మకం లేదు. తను కొండెక్కగానే సూదివేసి చంపేస్తామని భయపడింది. చేను చూడమని మరదలికి కబురు పంపి, కొట్టం వసారాలో ఉండిపోయింది. ఆ మరదలి కుక్కా మూడో గదిలోనే ఉంది. కుక్క లేని మనిషి రెండు చేలు కాయగలదా అని అప్పన్న నన్ను చూడకుండా గోడకు చెప్పినట్టు అన్నాడు. నేను మందుల గదిలోకి వెళ్లిపోయాను.

నేను పెట్టిన నియమాలు ఒక్కటీ ఆమె తప్పలేదు. గిన్నె జాలీ కిందినుంచి తోయమన్నాను, అలాగే చేసింది. చేతులు సబ్బుతో కడుక్కోమన్నాను, మోచేతులదాకా కడుక్కునేది. ఊరికే కూర్చోలేక మిగతా గదులూ ఊడ్చింది. సోమవారం పొద్దున్న పది కుక్కల్ని గెడ్డ దగ్గర వదిలితే, ఒక్కొక్కటీ తను కూర్చున్న చోటు వాసన చూసి, వాగు దాటి పైకి వెళ్లిపోయింది. మా జట్టువాళ్లు ఆశ్చర్యపోయారు. నాకు ఆశ్చర్యపోయే హక్కు లేదు.

ఆ సోమవారం సాయంత్రమే ఆసుపత్రి గేటుకు ఒక ల్యాబ్రడార్‌ను కట్టేసి ఎవరో వెళ్లిపోయారు. తోలు పట్టీ, దానికి ఇత్తడి గంట, బాగా పెరిగిన కుక్క. ఒంటినిండా గజ్జి. మైదానంనుంచి కారులో తెచ్చి వదిలినట్టుంది. పట్టీ ఉంది కనుక యజమాని గడి ఖాళీగా ఉంచి రెండు వారాలు ఎదురుచూశాను. ఎవరూ రాలేదు. వచ్చిన మొదటిరోజు అది రోడ్డువైపు చూసి అరుస్తూనే ఉంటే బుద్రి వెళ్లి దాని గదిముందు కూర్చుంది.

"ఇంత మంచి పట్టీ కట్టినారు, ఎలా వొదిలేసినారమ్మా?" అని నన్ను అడిగింది.

ఏడో రోజు మధ్యాహ్నం మరదలు కొండ దిగి వచ్చింది. ఇద్దరూ వాళ్ల భాషలో మెల్లగా మాట్లాడుకున్నారు. బుద్రి ఏడవలేదు. ఏమైందని అప్పన్నను అడిగాను. ముందురోజు రాత్రి పందులు దిగాయని, బుద్రి చేనులో నిలబడిన కంకి లేదని చెప్పాడు. మరదలు తన చేను కాస్తుండగా ఇటు దిగాయట.

నేను లోపలికి వెళ్లి రిజిస్టరు తెరిచాను. ఎర్రసిరాతో పదకొండు వరుసలూ కొట్టేశాను. ఏడో వరుసలో బుద్రి పేరు రాశాను. ఏడీగారికి ఫోన్ చేసి జరిగినదంతా దాచకుండా చెప్పాను. ఆయన చాలాసేపు విని, "యజమాని వచ్చిన రోజే సవరించాల్సింది మేడమ్. సవరణలకని ఒక గడి పెట్టింది అందుకే కదా" అన్నారు. అంతే. నేను వారం రోజులుగా భయపడిన మాటలేవీ ఆయన అనలేదు. మెమో తర్వాత వచ్చింది, అది వేరే సంగతి.

బయటికి వచ్చి, కుక్కను తీసుకుని వెళ్లిపోవచ్చని బుద్రికి చెప్పాను. ఆమె లేవలేదు.

"ఇప్పుడెల్లి ఏటి కాయాలమ్మా?" అంది. కోపంగా అనలేదు, నిజంగానే అడిగింది. మళ్లీ తనే, "పది రోజులన్నావు కదా. పదీ అవ్వనీ. ఆ వలాయనకి ఏటీ కాదని తేలాల కదా. మధ్యలో తీసుకెల్తే, బుద్రి కుక్కని దాసీసింది అంటారు" అంది.

ఈ గడువు నేను ఆమె వచ్చిన రోజే ఇంటిదగ్గర పెట్టి ఉండవచ్చని, అందుకు నియమాల్లో వీలుందని అప్పుడు చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను. ఆమె నా మొహంలోకి చూసింది. కూనల గిన్నె కడగడానికి లేచి వెళ్లింది.

పదో రోజు సుక్రిని పరీక్షించి ఆరోగ్యంగా ఉందని పత్రం రాశాను. కరిపించుకున్న ఆయనకు ఫోన్‌లో చెప్పాను. కుక్కకూ టీకా వేశాను. బుద్రి బుట్టలో కూనల్ని పెట్టుకుని, గేటు పక్కన ఆనించిన వెదురుకర్రను చేతిలోకి తీసుకుంది. సుక్రి అప్పుడు లేచింది.

నవంబరు చివర్లో టీకాలపెట్టె పట్టుకుని, జీపు వెళ్లేంత దూరం వెళ్లి, అక్కడినుంచి నడిచి నేనే బుద్రి ఉండే గూడెం ఎక్కాను. కుక్క ఒక్కటీ కనపడలేదు. జీపు చప్పుడు కింద వినపడగానే అన్నిటినీ అడవిలోకి తోలేశారు. వాళ్ల తప్పు లేదు. కానీ టీకా పడని కుక్కల మధ్య ఒక్క పిచ్చికుక్క దూరితే ఆ గూడెంలో పిల్లలు మిగలరు. బుద్రి ఇంటిముందు కూర్చుని చాలాసేపు అదే చెప్పాను. ఆమె లేచి ఇంటింటికీ వెళ్లింది. ఏం చెప్పిందో నాకు తెలియదు. సాయంత్రం లోపల ఇరవైకి పైగా కుక్కలు వచ్చాయి, ప్రతి కుక్క వెంట దాని మనిషి వచ్చాడు. ఒక్కొక్కరి పేరూ అడిగి రాసుకున్నాను.

దిగేముందు ఆమె చేను చూశాను. గోతులు తప్ప ఏమీ లేవు. నేను తీసుకెళ్లిన చోళ్లబస్తా ఆమె తీసుకుంది. తినడానికి పరవాలేదంది, విత్తనానికి మాత్రం బజారు చోళ్లు పనికిరావంది. పోయిన విత్తనం వాళ్ల అత్త కాలంనుంచి వస్తున్నదట.

ఆ తర్వాత రెండేళ్లకు రిటైరయ్యాను. నా సర్వీసులో అందుకున్న ఒకే ఒక్క మెమో ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఆ రెండేళ్లూ మా మండలంలో శిబిరాలు గూడేల్లోనే పెట్టించాను, సంతరోజున వల తీయనివ్వలేదు. నా తర్వాత వచ్చిన డాక్టరమ్మాయికి బాధ్యతలు అప్పగించేటప్పుడు, రిజిస్టరు మొదటి పేజీలో అతికించిన కాగితం చూపించాను. దానిమీద నేను రాసినది ఇంతే: యజమాని గడి అన్నిటికన్నా చివర నింపాలి. కుక్కకు ఎవరూ లేరని రాసేముందు సంత ముగిసేదాకా ఆగాలి.